టేపు ముందు, ప్లాను తరువాత

శ్రావణీ,

ఫైలు ఆన్‌లైన్‌లో పెట్టగానే అనుమతి వచ్చేస్తుంటే ఇక ప్లాను గీసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఏముందని అడిగావు. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో మున్సిపాలిటీలో ఫైలు నెలల తరబడి తిరిగేది. విసుగు పుట్టేది, నిజమే. కానీ మన కన్నుగప్పిన తప్పును అక్కడ ఎవరో ఒకరు ఎర్రసిరాతో చుట్టి వెనక్కి పంపేవాళ్లు. 2020లో తెలంగాణలో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తుదాకా కట్టే ఇంటికి అనుమతే అక్కర్లేకుండా పోయింది. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అక్కణ్నుంచి 600 గజాల దాకా, ఎత్తు 10 మీటర్లు దాటకపోతే, స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు. ఈమధ్య బిల్డ్‌నౌ అంటూ కొత్త వెబ్‌సైటు వచ్చింది, అయినా ఆ ఎర్రసిరా పెన్ను మాత్రం ఇక నీ చేతిలోదే. ఓనరు ఇచ్చే ధ్రువీకరణ కింద మీ ఆఫీసు సంతకం కూడా ఉంటుంది. అందులో అబద్ధం ఉందని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే పెట్టారు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు, కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలంది కదా అని నీ దగ్గర వాదించే ఓనర్లు ఉంటారు. నోటీసు వచ్చినంత మాత్రాన గోడ సక్రమమైపోదు. పైగా రోడ్ల మీద, చెరువుల్లో కట్టినవాటికి ఆ తీర్పు రక్షణ లేదు.

అందుకే కంప్యూటర్ తెరిచే ముందు టేపు పట్టుకుని స్థలానికి వెళ్లు. దస్తావేజులో 30 × 45 అడుగులని రాసి ఉంటే ఉండనీ, నాలుగు వైపులా నువ్వు కొలువు. పక్కింటివాళ్ల ప్రహరీ లోపలికి జరిగి ఉండటం మన ఊళ్లలో వింతేం కాదు. కొలత కాగితంతో కలిసింది అనుకుందాం. 150 గజాలు, అంటే 125 చదరపు మీటర్ల పైచిలుకు. 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, 12 మీటర్ల లోపు రోడ్డు ముందుంటే, ముందువైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అవి పోను నీకు మిగిలేది సుమారు 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, 36 అడుగుల 9 అంగుళాల పొడవు. 1350 చదరపు అడుగుల స్థలంలో అంతస్తుకు 860 మాత్రమే. ఈ లెక్క మొదటిరోజే ఓనరుకు కాగితం మీద వేసి చూపించు. అందరూ బెడ్‌రూముల సంఖ్యతో మొదలుపెడతారు, గొడవలన్నీ అక్కణ్నుంచే పుడతాయి.

టేపు ఇంకా చుట్టకు, రోడ్డు కూడా కొలవాలి. ఎదుటి ఇంటి గోడకూ మన గోడకూ మధ్య 20 అడుగులే ఉన్నాయనుకో. నివాసాల వీధి కనీసం 9 మీటర్లు, మన మాటలో 30 అడుగులు, ఉండాలన్నది నియమం. కాబట్టి రోడ్డు మధ్యగీత నుంచి 15 అడుగులు కొలిచి, మన స్థలంలో 5 అడుగులు ముందే రోడ్డుకు వదలాలి. ఇందాక చెప్పిన ఖాళీ, అదే సెట్‌బ్యాక్, ఆ తరువాతి గీత నుంచి మొదలవుతుంది. ఇందాకటి 860 కాస్తా 745కు దిగుతుంది. వదిలిన జాగాకు టీడీఆర్, అంటే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు, కొన్ని సడలింపులు ఉన్నాయి. అవి అడిగి రాబట్టాల్సిన బాధ్యత నీది. మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధికి ఇంకా పెద్ద రోడ్డు గీసి ఉంటే ఈ అంకెలన్నీ మళ్లీ మారతాయి.

వాస్తు సంగతి కూడా రాశావు. నేను అడ్డు చెప్పను. ఆ మీటరు వదిలాక ఎన్ని దిక్కులైనా సర్దుకోవచ్చు. పడమటి గోడ ప్రహరీకి ఆనాల్సిందే అంటే మాత్రం అది వాస్తు కాదు, ఆశ.

మీ ఆఫీసు ఉన్నది నగరం అంచున కాబట్టి నీళ్ల గురించి గట్టిగా చెబుతున్నాను. ఎండాకాలంలో చూస్తే ఎక్కడా చెరువు కనపడదు, చెరువు గర్భంలోని శిఖం భూమిలో గడ్డి మొలిచి ఉంటుంది. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, అదే ఎఫ్‌టీఎల్, దాని లోపల కట్టడం కుదరదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి మరో 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు ఖాళీగా ఉండాలి. నాలా 10 మీటర్ల లోపు వెడల్పుదైతే 2 మీటర్లు, దాటితే 9. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోనిచ్చింది, పక్కన మూడు ఇళ్లు లేచాయి అని ఓనరు చెప్పేవేవీ దీనికి జవాబు కావు. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ మాటలకు ఎంత విలువ ఉందో నగరమంతా చూసింది. గ్రామ నక్షా తెప్పించుకో, ఆ వీధిలో పాతకాలపు మనిషి ఎవరైనా ఉంటే వానాకాలం నీళ్లు ఎటు పోయేవో అడుగు.

ఇంకొకటి, చాలామంది కలగలిపేస్తారు. ప్లాను మంజూరైందంటే స్థలం ఆయనదేనని మున్సిపాలిటీ ఒప్పుకున్నట్టు కాదు. స్లాబు గట్టిగా ఉంటుందనీ కాదు. హక్కు సంగతి లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చెబుతాయి. స్తంభాలు, పునాది, స్టీలు లెక్క ఐఎస్ 456 చదివిన స్ట్రక్చరల్ ఇంజనీరుది. నేల పరీక్షకు డబ్బు దండగ అని మేస్త్రి అంటే ఆయనతో వాదించకు, ఓనరుతో మాట్లాడు. నల్లరేగడి ఉన్నచోట ఆ పరీక్ష లేకుండా పునాది లోతు చెప్పగల మేస్త్రిని నేను చూడలేదు.

ముగ్గు పోసే రోజు తప్పకుండా అక్కడ ఉండు. ప్లానులోని మీటరు నేల మీద రెండున్నర అడుగులయ్యేది ఆ రోజే.

ఇక నీ ఫైలులోని ఓనరు గురించి. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక టెర్రస్ మీద రెండు గదులు వేసుకుంటాను, ఇప్పుడు ప్లానులో చూపించొద్దు అంటున్నాడని రాశావు. ఓసీ లేకుంటే కరెంటు, నీటి కనెక్షన్లకు మూడింతలు వసూలు చేయవచ్చని జీవో 168లోనే ఉంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, కనెక్షన్లకూ బ్యాంకు లోన్లకూ ఆ పత్రం చూడాలంది. అందుకే ఆయన ఓసీ దాకా బుద్ధిగా ఉంటానంటున్నాడు. ఆ రెండు గదుల బరువు కింది స్తంభాలకు ఇప్పుడే లెక్క కట్టాలి కదా, మరి ఏ డ్రాయింగులో కడతావు? నిబంధనల్లో ఇమిడితే ఆ అంతస్తు ఇప్పుడే చూపించి అనుమతి తీసుకోమను. ఇమడకపోతే కుదరదని చెప్పు. వినకపోతే ఫైలు తిరిగి ఇచ్చేయండి. మీ సారు ఫీజు పోతుందని వెనకాడితే నాకు ఫోన్ చేయించు, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న