కొండమీది వంట



గడచిన వేసవి సెలవులలో మా అక్కగారి కుటుంబమును మా కుటుంబమును కలిసి ఏడుగురము నీలగిరులలోని ఉదకమండలమునకు పోయి, ఒక చిన్న వసతిగృహములో మూడు దినములుంటిమి. రెండు గదులు, మంచములు, కంబళ్లు, వంటయింటిలో ఒక గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు - అక్కడ ఉన్నది ఇంతియే. వండిపెట్టువారు లేరు. బియ్యము, కందిపప్పు, చింతపండు హోసూరు నుండియే మూటగట్టుకొని పోతిమి. అక్కడ నేర్చిన రెండు సంగతులు మీకు చెప్పెదను.

మొదటి రాత్రి పప్పు పొయ్యిమీద పెట్టి ముప్పావుగంట గడచినను, అది పలుకుగానే యుండెను. "ఈ పప్పు పాతది. అంగడివాడు మోసగించినాడు" అని అక్క నొచ్చుకొనెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న నా మేనల్లుడు, "మామయ్యా! నీళ్లు ఇంతగా తెర్లుచుండగా పప్పు ఏల ఉడకదు?" అని యడిగెను.

గాలికి బరువు కలదు. అది నీటిని అదిమిపెట్టుచుండును. ఎత్తునకు పోయినకొలది పైనున్న గాలి తగ్గును, ఒత్తిడి తగ్గును, అందుచేత నీరు తక్కువ వేడిమికే తెర్లును. సముద్రతీరమున నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీలకు తెర్లును. సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న హోసూరులో 97 డిగ్రీలు, 2,240 మీటర్ల ఎత్తుననున్న ఉదకమండలములో 92 లేక 93 డిగ్రీలు చాలును. ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గునని గుర్తుంచుకొనుడు. మంట పెంచినచో నీరు త్వరగా ఆవిరియగునే కాని, దాని వేడిమి పెరగదు. కావున పప్పు ఆలస్యముగా ఉడుకును.

మరునాడు పప్పును ముందుగా నానబెట్టి, పొరుగు గదివారి ప్రెషరు కుక్కరు అడిగి తెచ్చి వండితిమి. అందులో ఆవిరి నిలిచి ఒత్తిడి పెరుగును. నీటి వేడిమి 110 డిగ్రీలు దాటును. పప్పు వెన్నవలె ఉడికెను. "పాపము, అంగడివానిని ఊరక తిట్టితిని" అని అక్క నవ్వెను.

రెండవ సంగతి ఇంత తేలికయైనది కాదు. ఆ రాత్రి పిల్లలు వరండాలో బొగ్గుల కుంపటిమీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకొనిరి. చలి మిక్కుటముగా నుండెను. కుంపటిని గదిలో పెట్టుకొందమా యని మేనల్లుడు అడుగగా, "పొగ లేదు గదా, తెమ్ము" అని నేనే చెప్పితిని. తలుపులు మూయబోవుచుండగా కావలి పెద్దాయన చూచి పరుగున వచ్చెను. "అయ్యా! దీనిని లోపల పెట్టుకొని పడుకొన్నవారు తెల్లవారి లేవరు" అని తమిళములో కేకవేసి, కుంపటిని బయటికి ఈడ్చి నీళ్లు పోసెను.

ఆయన మాట అక్షరాల నిజము. మండుచున్న బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకున్నను అది యుండును. రక్తములోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, మత్తు కలుగును. నిద్రించువారికి అదియు తెలియదు. అట్టివారిని వెంటనే బయటి గాలిలోనికి చేర్చి, 108కు ఫోను చేయవలెను.

పప్పు బియ్యములతోపాటు మేము మన ఊరి అలవాట్లను కూడ మూటగట్టుకొని పోతిమి. తినుట మన రుచిప్రకారమే తినవచ్చును. కాని నివసించుచోటి గాలిని, నీటిని తెలిసికొనవలెను. అచ్చటి పెద్దల మాట ఏ భాషలో నున్నను వినవలెను. ఆ రాత్రి నేను ఉపాధ్యాయుడను కాను. ఆ పెద్దాయన శిష్యుడను.

తల్లిదండ్రులకు మనవి: చలికాలమున మీ ఇండ్లలోను మూసిన గదిలో కుంపటి ఉంచకుడు.

ప్రశ్నలు
1. కొండమీద పప్పు ఆలస్యముగా ఉడుకుటకు కారణమేమి?
2. 1,500 మీటర్ల ఎత్తున నీరు సుమారు ఎన్ని డిగ్రీలకు తెర్లును?
3. పొగలేని కుంపటియు ఏల ప్రమాదకరము? ఇంటిలో పెద్దలకు వివరించి చెప్పుడు.