కుక్క మోకాలి ఆపరేషను, చందాల పద్దు

కుక్క వెనక కాలి మోకాలిలో లిగమెంటు తెగితే మందులతో అతికేది కాదు. చిన్న జాతులు విశ్రాంతితో కొంత సర్దుకుంటాయి గాని, లాబ్రడార్ లాంటి బరువైన కుక్కకు సాధారణంగా ఆపరేషనే చెబుతారు. డాక్టర్లు టీపీఎల్ఓ అనే పద్ధతిలో మోకాలి కింది ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, కొద్దిగా తిప్పి, ప్లేటూ స్క్రూలూ బిగిస్తారు. ఎముక వాలు మారడంతో తెగిన లిగమెంటు లేకుండానే మోకాలు నిలబడుతుంది. ఖర్చంతా ఆ ప్లేటు, మత్తు, ఎక్స్‌రేలు, చెయ్యి తిరిగిన సర్జను దగ్గరే పెరుగుతుంది. అధిక బరువు ఈ జబ్బుకు దగ్గరి చుట్టం. జవహర్‌నగర్‌లో మనవరాలి కుక్క బరువెక్కడంలో, సంక్రాంతికి వచ్చినప్పుడల్లా ఎవరూ చూడకుండా పెరుగన్నంలో నెయ్యి వేసి పెట్టిన తాత చెయ్యి ఉంది. ఈ ఉత్తరంలో ఆ సంగతి మొదటే ఒప్పుకోవడం న్యాయం.

ఆపరేషను ఖర్చుకు మనవరాలు తన గొలుసు తాకట్టు పెట్టబోతోందన్న కబురు మల్కాజిగిరి చిన్నమ్మ నోట భువనగిరిలో తాతకు చేరింది. దాన్ని ముట్టుకోవలసిన అవసరం లేదు, చందాలు అడగవచ్చు.

మొదట చూడవలసింది వ్యవధి. గర్భాశయంలో చీము పట్టిన కుక్కకు రోజుల వ్యవధి కూడా ఉండదు. మోకాలి విషయం అలా కాదు, కొన్ని వారాలు ఆగవచ్చు. నెలలు గడిస్తే మాత్రం తొడ కండ చిక్కిపోతుంది, కీలు అరిగిపోతుంది. ఈ వ్యవధిలో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. మెట్రోలోకి కుక్కను రానివ్వరు కాబట్టి నాచారం వైపు నుంచి ఆటో మాట్లాడుకోవాలి. ఎక్కడ చేయించినా ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోవాలి. ఇప్పుడు బీమా తీసుకుందామన్న ఆలోచన పనికిరాదు, అప్పటికే ఉన్న జబ్బుకు పాలసీ డబ్బివ్వదు. హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను 1992లో అక్కినేని అమల మొదలుపెట్టింది దిక్కులేని జీవాల కోసం. ఇల్లూ మనుషులూ ఉన్న కుక్క ఆ వరసలో ముందుకు దూరకూడదు.

ఇక అడగడం. చెయ్యి చాచడం నామోషీ అనే వాళ్ళు చరిత్ర మరిచినవాళ్ళు. 1952లో రాయలసీమ కరువు కోసం ఎన్టీఆర్ జోలె పట్టాడు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మళ్ళీ వీధుల్లోకి వచ్చాడు. ఆయన స్టూడియో మనవరాలి ఇంటికి దగ్గర్లో, నాచారంలోనే. ఎలా అడగాలో 2024 జూన్‌లో రతన్ టాటా చూపించాడు. ముంబైలోని తమ జంతు ఆసుపత్రిలో 7 నెలల కుక్కకు నెత్తురు కావలసివస్తే, జబ్బేమిటో, దాత కుక్క వయసూ బరువూ ఎంత ఉండాలో, ఏ టీకాలు వేసి ఉండాలో చెప్పి మరీ అడిగాడు. కన్నీళ్ళ ఫొటోల కన్నా ఆ వివరమే పని చేస్తుంది. అంచనా కాగితం, ఎక్స్‌రే, ఇప్పటిదాకా చేరిన మొత్తం చూపితే చాలు.

మిలాప్ (2010), కెట్టో (2012) లాంటి చందాల వెబ్‌సైట్లలో విజ్ఞప్తి పెట్టవచ్చు, అయితే రుసుముల కింద ఎంత కోస్తారో ముందే చదువుకోవాలి. కాలనీ వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టడం సులువు, మోసమూ అంతే సులువు. అదే కుక్క ఫొటో కింద ఇంకొకడు తన కోడ్ అతికించగలడు. డబ్బు రావడానికి పిన్ కొట్టాలని ఎవరైనా ఫోనులో చెబితే వాడు దొంగ. ఆసుపత్రి ఖాతాకే నేరుగా పంపమనడం అన్నిటికన్నా శుభ్రం. ఆదాయపు పన్ను సంగతీ ఉంది. బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో అందిన మొత్తం 50,000 రూపాయలు దాటితే ఆ మొత్తమంతా ఆదాయం కిందికి వస్తుంది. చట్టం లెక్కలో పెదనాన్న బంధువే, పెదనాన్న కొడుకు కాడు! తాత బంధువే.

అన్నిటికన్నా ముఖ్యం పద్దు. ఫోనులో కాదు, 200 పేజీల గళ్ళ నోటుబుక్కులో. తేదీ, పేరు, మొత్తం, ఏ దారిన వచ్చింది, రశీదు నంబరు. ఖర్చు వైపు ఆటో కిరాయి కూడా ఎక్కాలి. ప్రతి రాత్రి కూడిక వేసి కింద సంతకం పెట్టాలి, వారానికోసారి పక్కింటి వాళ్ళ చేత ఇంకో సంతకం పెట్టించాలి. ఇంత పట్టుదలకు కారణం దివిసీమే. అప్పుడు తార్నాక వీధుల్లో నలుగురు కుర్రాళ్ళు దుప్పటి నాలుగు కొసలు పట్టుకుని తిరిగారు. పైసలు, నోట్లు, ఒక ముసలమ్మ ఇచ్చిన వెండి పట్టీ కూడా పడ్డాయి. అటుకులు పెట్టి, నీళ్ళు తాగించి పంపిన ఇళ్ళూ ఉన్నాయి. రాత్రి లెక్కకూ పొద్దుటి లెక్కకూ 11 రూపాయలు తేడా వచ్చింది. ఎవరూ తియ్యలేదు, చీకట్లో లెక్క తప్పింది. ఆ మాట ఎవరూ నమ్మలేదు. తన చేతి గడియారం అమ్మి ఆ సొమ్ము కలిపిన కుర్రాడితో మిగతా ముగ్గురిలో ఒకడు మళ్ళీ మాట్లాడలేదు. ఆ గడియారం కుర్రాడే ఇప్పుడు తాత. నోటుబుక్కు కొనడానికి మనవరాలికి టైం లేకపోతే తాత సంచీలో ఒకటి వస్తుంది, గీతలు కూడా గీసే ఉంటాయి.

మిగులు ఎవరిదన్నది కూడా మొదటి రోజే విజ్ఞప్తిలో రాయాలి. ఒక మోకాలు పోయిన కుక్కల్లో చాలావాటికి తర్వాత రెండోదీ పోతుంది. అందుకని మిగిలింది దాచుకోవాలనిపిస్తుంది. ఇచ్చినవాళ్ళను అడిగి దాచితే తప్పు లేదు. అడగకుండా దాస్తే అది వాళ్ళ సొమ్మే. తిరిగి ఇవ్వడమో, వాళ్ళు ఒప్పుకుంటే వీధి కుక్కల వైద్యానికి ఇచ్చి రశీదు చూపించడమో చెయ్యాలి. (మనవరాలు రాత్రిళ్ళు నేలమీద, కుక్క పక్కన పడుకుంటోందట. అది పద్దులోకి రాదు గాని, కింద చాపైనా వేసుకోవాలి.)

ఆపరేషను తర్వాత ఎముక అతకడానికి దాదాపు 8 నుంచి 12 వారాలు పడుతుంది. అన్నాళ్ళూ గెంతడం, మెట్లెక్కడం, జారే నేలమీద నడవడం ఉండవు. బరువు తగ్గించాలి. మనవరాలి ఇల్లు లిఫ్టు లేని మూడో అంతస్తులో కాబట్టి పొట్ట కింద తువ్వాలు పట్టి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. రెండో మనిషి ఆపరేషనుకు ముందురోజు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగుతాడు. సంచీలో నోటుబుక్కు, తువ్వాలు ఉంటాయి. నెయ్యి సీసా ఉండదు.