మీట నొక్కే ముందే మలుపు తెలియాలి!

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి పైలట్ శిక్షణ వైపు చూస్తున్న విద్యార్థులు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు: ఫీజు ఎంత, ఉద్యోగం ఎప్పుడు? తప్పక అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది. మేఘాల్లో బయట ఏమీ కనిపించనప్పుడు, పరికరాల ఆధారంగానే విమానం నడపడం ఎంత బాగా నేర్పిస్తారు? దీనికిచ్చే అర్హతే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. అందులో జీపీఎస్ నేవిగేటర్‌పై పట్టు ఇప్పుడు చాలా కీలకం.

అర్హతలివీ..

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీస వయసు 18 ఏళ్లు. 200 గంటల ఫ్లయింగ్, క్లాస్ 1 మెడికల్, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షల్లో ఉత్తీర్ణత ఉండాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి. అందులో 20 గంటల వరకు సిమ్యులేటర్‌లో చేయొచ్చు. చేరేముందు తాజా నిబంధనలను డీజీసీఏ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

టేకాఫ్‌కు ముందే సగం పని

శిక్షణ విమానాల్లో ఎక్కువగా కనిపించేవి గార్మిన్ 430, జీ1000 వంటి పరికరాలు. ఇంజిన్ స్టార్ట్ చేశాక మొదట చూడాల్సింది నేవిగేటర్ డేటాబేస్ గడువు. ఇది 28 రోజులకోసారి మారుతుంది. తర్వాత డిపార్చర్ ప్రొసీజర్‌ను లోడ్ చేసి, రన్‌వే సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూడాలి. ప్రతి లెగ్ (దారిలోని ఒక్కో భాగం) దిశ, దూరం చార్టుతో పోల్చాలి. ఫలానా ఎత్తుకు చేరాక తిరగాలనే నిబంధన ఉన్నచోట పాత తరం నేవిగేటర్లు వాటంతటవే తర్వాతి లెగ్‌కు వెళ్లవు. ఆ ఎత్తును కనిపెట్టి ముందుకు నడిపించాల్సింది పైలటే.

అప్రోచ్‌లో అసలు పరీక్ష

అప్రోచ్‌ను, అంటే రన్‌వేకు దిగే ప్రొసీజర్‌ను, లోడ్ చేయడం వేరు, యాక్టివేట్ చేయడం వేరు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కంట్రోలర్ దిశలు చెబుతూ ఫైనల్ వైపు తీసుకెళ్తున్నారా, లేక పూర్తి ప్రొసీజర్‌ను మీరే ఎగరాలా అన్నది తేలాకే మీట నొక్కాలి. తొందరపడి యాక్టివేట్ చేస్తే, అప్పటిదాకా పెట్టుకున్న దారి మారిపోతుంది.

దారి నుంచి ఎంత పక్కకు జరిగామో చూపే సూది సున్నితత్వమూ తెలిసుండాలి. విమానాశ్రయ పరిసరాల్లో సూది పూర్తిగా పక్కకు జరిగిందంటే దారికి 1 నాటికల్ మైలు దూరంలో ఉన్నట్టు. ఎల్‌నావ్ (నిలువు మార్గదర్శనం లేని జీపీఎస్) అప్రోచ్‌లో ఫైనల్ ఫిక్స్‌కు చేరేసరికి అది 0.3 మైలుకు కుదించుకుపోతుంది. అంతే పక్కకు జరిగినా సూది మూడింతలకు పైగా కదులుతుంది కాబట్టి సరిదిద్దే తీరు చిన్నగా, మెత్తగా ఉండాలి. నేలమీది రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్‌ఎస్‌లో దిగుతుంటే సూదికి సంకేతం జీపీఎస్ నుంచి కాక నావ్ రేడియో నుంచి అందేలా మార్చాలి. దీన్ని మర్చిపోతే చెక్‌రైడ్ (ఫ్లయింగ్ పరీక్ష) అక్కడే చేజారుతుంది.

రన్‌వే కనిపించకపోతే గో ఎరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి. మిస్డ్ అప్రోచ్ పాయింట్ దగ్గర 430 వంటి నేవిగేటర్లు తర్వాతి లెగ్‌కు వెళ్లకుండా సస్పెండ్‌లో ఆగిపోతాయి. ముందు పవర్, ముక్కు పైకి, ఎత్తు పెరుగుతోందని నిర్ధారణ. ఆ తర్వాతే సస్పెండ్ తొలగించే మీట. ఈ వరస చేతికి అలవాటు కావాలి.

ఒక్క అక్షరం ఎంత పని చేసింది?

1995 డిసెంబర్ 20న మయామీ నుంచి కొలంబియాలోని కాలీకి వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 విమానం కొండను ఢీకొంది. 159 మంది మరణించారు. రోజో బీకన్ కోసం సిబ్బంది విమాన కంప్యూటర్‌లో ‘ఆర్’ అని కొట్టగా, జాబితాలో మొదట వచ్చింది బొగోటా దగ్గరి రోమియో. సరిచూడకుండానే దాన్ని అమల్లో పెట్టేశారు. విమానం కొండలవైపు తిరిగింది. విమానం తర్వాత ఏ దిశకు తిరుగుతుందో ముందుగా నోటితో చెప్పుకుని, ఆపైనే మీట నొక్కాలని శిక్షకులు పట్టుబట్టేది ఇందుకే.

గగన్‌తో కొత్త దారులు

ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి రూపొందించిన గగన్ వ్యవస్థ జీపీఎస్ సంకేతాలను మరింత కచ్చితం చేస్తుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దీని సాయంతో, నిలువు మార్గదర్శనం కూడా ఉండే ఎల్‌పీవీ అప్రోచ్ చేసింది. ఐఎల్‌ఎస్ పరికరాలు లేని చిన్న విమానాశ్రయాలకు ఇది పెద్ద వరం. అయితే జీపీఎస్ సంకేతాలకు అంతరాయాలూ ఉన్నాయి. వీటిపై డీజీసీఏ 2023 నవంబర్‌లో ఎయిర్‌లైన్స్‌కు మార్గదర్శకాలు జారీ చేసింది. అందుకే నేలమీది రేడియో వ్యవస్థలైన వీఓఆర్, డీఎంఈ, ఐఎల్‌ఎస్‌లతో నడపడాన్నీ వదలొద్దు.

ఎలా సాధన చేయాలి?

గార్మిన్ ట్రైనర్ సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే మీటలన్నీ నేర్చుకోవచ్చు. విమానంలో గడిచే ప్రతి నిమిషానికీ డబ్బు కడుతున్నారు, ఆ సమయాన్ని మెనూలు వెతకడానికి పోగొట్టుకోవద్దు. అకాడమీలో చేరేముందు ఏ నేవిగేటర్లు ఉన్నాయి, సిమ్యులేటర్‌లోనూ అవే ఉన్నాయా, డేటాబేస్ తాజాగా ఉంచుతున్నారా అని అడగండి. వైవా కోసం, ఉపగ్రహ సంకేతాలు నమ్మదగినవో కాదో సరిచూసే రైమ్ గురించి చదవండి. బారోమెట్రిక్ సాయం లేకుండా ఉపగ్రహ సంకేతంలోని తప్పును పసిగట్టాలంటే కనీసం 5 ఉపగ్రహాలు అందాలి.

ఏ బటన్ ఎక్కడుందో వారంలో వచ్చేస్తుంది. బటన్ నొక్కితే విమానం ఎటు వెళ్తుందో చార్టు చూసి ముందే చెప్పగలగడమే పైలట్‌కు కావాల్సింది. ఆ అలవాటు మొదటి గ్రౌండ్ క్లాస్ నుంచే చేసుకోండి. మీ వెనక కూర్చునే ప్రయాణికుల భద్రత దాని మీదే ఆధారపడి ఉంటుంది.