గడ్డి ఎక్కడ పెరుగుతుందో పటం చెప్పగలదా?

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలిలో ఎవరో రోడ్డు పక్కన గడ్డి మొక్కను ఫొటో తీసి, జీవవైవిధ్య వెబ్‌సైటులో పెట్టారనుకుందాం. చోటు, తేదీ, జాతి పేరు సరిగ్గా ఉంటే శాస్త్రవేత్తలకు అదొక ‘ఉనికి నమోదు’. అడవి గడ్డిజాతులకు అనువైన ఆవాసాల పటాలు ఇలాంటి నమోదులతోనే తయారవుతాయి.

మొక్క కనిపించిన చోట్ల వాన ఎంత, ఎండ ఎంత, చలి ఎంత అని కంప్యూటరు ముందుగా చూస్తుంది. వరల్డ్‌క్లిమ్ అనే సమాచార నిధిలో ఇందుకు పనికొచ్చే 19 వాతావరణ సూచికలున్నాయి. తరువాత, అలాంటి పరిస్థితులే ఉన్న మిగతా చోట్లకు 0 నుంచి 1 వరకు మార్కులు వేస్తుంది. ఇందులో బాగా వాడుకలో ఉన్న పద్ధతి మాక్సెంట్. 2006లో స్టీవెన్ ఫిలిప్స్, రాబర్ట్ ఆండర్సన్, రాబర్ట్ షాపైర్ దీన్ని వివరించారు. దీని వెనుక ఉన్నది భౌతికశాస్త్రంలోని గరిష్ఠ ఎంట్రోపీ సూత్రమే: తెలిసిన సమాచారానికి కట్టుబడాలి, తెలియని చోట ఎటూ మొగ్గకూడదు.

చిక్కంతా ఆ ‘తెలిసిన సమాచారం’తోనే. మనుషులు తిరిగే రోడ్ల పక్కన నమోదులు ఎక్కువ, లోపలి బయళ్లలో తక్కువ. ఎవరూ వెళ్లి చూడని చోటు మొక్క పెరగని చోటులా పటంలో కనిపించవచ్చు.

అదే గుజరాత్‌లో, కచ్ జిల్లాలోని బన్ని పచ్చికబయలును చూడండి. 2,500 చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల అది. ఉప్పు నేల ముందుకు రాకుండా ఆపాలని 1961లో అటవీ శాఖ అక్కడ ప్రోసోపిస్ జులిఫ్లోరా నాటించింది. మనం సర్కారు తుమ్మ అనే చెట్టే అది. గుజరాతీలో దాని పేరు గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ. అది అల్లుకుపోయి, మాల్ధారీల పశువులు మేసే గడ్డిని తగ్గించేసింది. పాత నమోదులతో పటం గీస్తే ఆ చోటు గడ్డికి అనువైనదే. కొత్త నమోదులతో గీస్తే కాదనిపించవచ్చు. మారింది వాతావరణం కాదు, గడ్డి చోటును చెట్టు ఆక్రమించింది. పైగా నేలలోని ఉప్పు ఆ 19 సూచికల్లో లేదు.

అందుకే తక్కువ మార్కు పడిన పచ్చికబయలును బీడు భూమి అనుకుని చెట్లు నాటితే నష్టపోయేది పశుపోషకులే. నంద్యాల జిల్లా రోళ్లపాడు బయళ్ల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. ఇలాంటి పటం కనబడితే మూడు ప్రశ్నలు వేయండి: నమోదులు ఎక్కడివి? నేల గుణాన్ని లెక్కలోకి తీసుకున్నారా? ఎవరైనా వెళ్లి సరిచూశారా?