నర్సింగ్ చదువు – పైసల లెక్క : ఒక రైతుబిడ్డ పరిశీలన

ఆసుపత్రిలో డాక్టరు రోగి మంచం దగ్గర నిలిచేది కొద్ది నిమిషాలు. మిగిలిన రాత్రింబవళ్లు రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సమ్మ. ఈ మాట అందరూ ఒప్పుకుంటారు. కాని ఆ నర్సమ్మ చదువుకు పైసలు ఎక్కడినుండి వచ్చాయని ఆలోచించేవారు తక్కువ. నేను సైన్సు విద్యార్థిని. అర్థశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను ఈ లెక్కలోకి దించింది.

మాది నారాయణఖేడ్ దగ్గర ఒక పల్లె. పెసర, కంది, పత్తి – ఇవే మా బతుకు. మా అక్క ఇంటర్ బైపీసీ పాసై బి.ఎస్సీ. నర్సింగులో కన్వీనర్ కోటా సీటు తెచ్చుకుంది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. తీరా ఒక ప్రైవేటు కాలేజీకి చేరడానికి వెళితే "ట్యూషన్ ఫీజు ముందు మీరు కట్టండి, సర్కారు నుండి వచ్చాక వాపసు ఇస్తాం" అన్నారు. దానిమీద హాస్టలు, యూనిఫాం, పుస్తకాలు. "సర్కారే ఫీజు కడ్తదంటిరి గదా బిడ్డా! మళ్ల ఇన్ని పైసలు యాడికెల్లి తేవాలె?" అన్నాడు మా బాపు. పెసర పైసలు అప్పటికే ఎరువుల షావుకారికి పోయినయి. పత్తి ఏరుడు ఇంకా మొదలు కాలేదు. గడువు మూడు రోజులు. నాలుగో రోజు సీటు పోయింది. మరుసటి వేసవిలో అక్క పెండ్లి అయింది.

ఆనాడు మాకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి. తరువాత నేను తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. ఫీజు వేరు, ఖర్చు వేరు

మన దేశంలో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకు ఉపకార వేతనాలు 1944లోనే మొదలైనాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణలోనూ అది సాగుతున్నది. ఈ-పాస్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. ఇందులో రెండు భాగాలున్నాయి. ఆర్.టి.ఎఫ్. అనేది ట్యూషన్ ఫీజుకు, ఎం.టి.ఎఫ్. అనేది తిండికి, బసకు. వెనుకబడిన తరగతుల వారికైతే కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు మించరాదు. హాజరు 75 శాతం ఉండాలి. మేనేజిమెంటు కోటాలో చేరినవారికి ఇది వర్తించదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

తిరిగి చెల్లిస్తారు అన్న మాటలోనే మెలిక ఉంది. తిరిగి చెల్లించేదాకా ఎవరో ఒకరు భరించాలి గదా! నిధులు ఆలస్యమైతే కాలేజీ విద్యార్థి మీద పడుతుంది, విద్యార్థి తండ్రి మీద పడుతుంది. 2025 నవంబరులో ఈ బకాయిల కోసమే తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బందు పాటించిన సంగతి మనమంతా చూసినదే.

2. షావుకారు గుర్తుకొచ్చాడు, బ్యాంకు గుర్తుకు రాలేదు

విద్యారుణం 4 లక్షల వరకు భూమి తాకట్టు లేకుండా ఇవ్వాలన్నది బ్యాంకుల నమూనా పథకంలో ఉన్న నియమం. తల్లిగాని తండ్రిగాని కూడా సంతకం చేయాలి. ఫీజే కాదు, హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు కూడా ఇందులో కలుపుకోవచ్చు. వాయిదాలు చదువు ముగిసిన ఏడాది తరువాత మొదలవుతాయి. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం 2009లో వచ్చింది. అయితే మూడు రోజుల్లో ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. కాబట్టి సీటు వచ్చాక కాదు, కౌన్సెలింగుకు ముందే బ్యాంకు మెట్లెక్కాలి. తహసీలు నుండి ఆదాయ సర్టిఫికెట్టు అప్పటికే చేతిలో ఉండాలి.

3. వార్డులో చేసేది చదువా, కొలువా?

ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న. నేను ప్రయోగశాలలో ప్రయోగం చేస్తే దానివల్ల ఇంకొకరికి లాభం లేదు. నర్సింగ్ విద్యార్థిని మాత్రం నేర్చుకుంటూనే నిజమైన రోగికి పక్క సర్దుతుంది, జ్వరం చూస్తుంది, మందు అందిస్తుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో పాఠశాల పెట్టించినప్పుడు శిక్షణకు వచ్చిన యువతులకు తిండి, బస, యూనిఫాంతోపాటు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చారు. అంటే ఆధునిక నర్సింగ్ విద్య ఫీజుతో కాదు, స్టైపెండుతో పుట్టిందన్నమాట!

అదే ఇంగ్లాండులో 2017లో కొత్తగా చేరేవారికి బర్సరీ తీసివేసి అప్పు తీసుకొమ్మన్నారు. దరఖాస్తులు తగ్గాయి. చివరకు 2020 సెప్టెంబరు నుండి ఏడాదికి 5,000 పౌండ్లు, తిరిగి కట్టనక్కరలేని సహాయంగా, మళ్లీ ఇవ్వవలసి వచ్చింది.

మన తెలంగాణలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాలల విద్యార్థులకు 2022లో స్టైపెండు పెంచారు. మొదటి సంవత్సరం వారికి నెలకు 1,500 ఉన్నది 5,000 అయింది. ఇది మెచ్చుకోదగిన పని. కాని కన్వీనర్ కోటాలో ప్రైవేటు కాలేజీకి పోయిన బీద పిల్ల కూడా వార్డులో అదే డ్యూటీ చేస్తుంది. ఆమెకు కూడా నెలనెలా ఎంతో కొంత చేతికి అందాలన్నది నా అభిప్రాయం. అది దానం కాదు, ఆమె కష్టానికి ఫలం.

మనం చేయగలిగినది

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మన విద్యార్థి సంఘం ప్రతి ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఒక బల్ల వేసుకుని కూర్చుని, పల్లెల నుండి వచ్చే పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టవచ్చు. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసి, చేరే రోజు ఖర్చుకు చేబదులు ఇచ్చే చిన్న నిధిని నిలపవచ్చు. పత్తి పైసలు వచ్చాక ఆ కుటుంబమే తిరిగి కడుతుంది. రైతు మాట తప్పడు, కాకపోతే అతని పైసలు పంట కాలానికే వస్తాయి, కాలేజీ గడువుకు రావు.

మా చెల్లె ఇప్పుడు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. "అన్నా, నేను నర్సింగే చదువుత" అంటున్నది. దసరాకు ఇంటికి పోయినప్పుడు బాపును వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయి, మేనేజరుగారిని అడగవలసినవన్నీ అడిగి వచ్చాను. అక్క కూడా పుట్టింటికి వచ్చి ఉంది. మేము తెచ్చిన కాగితాలను ఒక్కొక్కటీ చదివి, "ఇది అప్పుడే తెలిస్తే..." అని ఊరుకుంది.

ఆ మాట మన ప్రాంతంలో ఇంకొక ఆడపిల్ల అనకుండా ఉంటే ఈ వ్యాసం రాసినందుకు నాకు అదే చాలు.