చర్మముపై చక్కెరవ్యాధి జాడలు

మధుమేహమును మన యిండ్లలో చక్కెరవ్యాధి యందురు. తమిళులు దానినే 'శర్కరై నోయ్' అనియు, కన్నడిగులు 'సక్కరె కాయిలె' అనియు చెప్పుదురు. పేరేదైనను, రక్తమున చక్కెర మితిమీరుటయే దాని లక్షణము. ఇది తరచుగా చప్పుడు చేయక వచ్చును. కాని చర్మముపై కొన్ని జాడలు చూపును.

కొందరి మెడవెనుకను, చంకలలోను చర్మము నల్లబడి, దళసరియై, ముఖమల్ గుడ్డవలె నుండును. దానిని మురికి యని తలంచి తల్లులు పీచుతో రుద్దుటయు, తోటిపిల్లలు పరిహసించుటయు మేమెరుగుదుము. అది మురికి కాదు. ఎంత రుద్దినను పోదు. శరీరము ఇన్సులినునకు లొంగనప్పుడు, రక్తమున ఇన్సులిన్ హెచ్చి చర్మకణములను అతిగా పెంచును. బరువు హెచ్చిన బాలబాలికలలో గూడ నిది కనబడుచున్నది. ఇట్టి నలుపున్న వారందరును రోగులు కారు. అయినను రక్తపరీక్ష చేయించుట యుక్తము. పరగడుపున డెసిలీటరు రక్తమున చక్కెర 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నచో, వైద్యులు మరల పరీక్షించి వ్యాధిని నిర్ధారింతురు.

మాటిమాటికి సెగగడ్డలు లేచుట, గజ్జలలో దురద, కాలివ్రేళ్ల సందులు నాని తెల్లబడుట గూడ ఈ వ్యాధి యున్నచోట సాధారణములు. ముంగాలిపై గోధుమవన్నె మచ్చలు కొందరికి వచ్చును. అవి హాని చేయవు. వానికై లేపనములు కొనుట వృథావ్యయము.

పాదముల సంగతి వేరు. వ్యాధి ముదిరినకొలది నరములు మొద్దుబారును. చెమట పట్టక మడమలు పగులును. పల్లేరుకాయ గ్రుచ్చుకొన్నను, చెప్పులో రాయి యొత్తినను తెలియదు. నొప్పి లేదు గనుక గాయము లేదనుకొందురు; చిక్కంతయు నిచ్చటనే యున్నది. రక్తప్రసారము తగ్గుటచే పుండు త్వరగా మానదు. చీము ఎముకదాక పోయినచో వ్రేలిని, ఒక్కొక్కప్పుడు కాలినే తీసివేయవలసివచ్చును. కావున వట్టికాళ్లతో నడువరాదు. ఇంటిలో గూడ చెప్పులుండుట మేలు. ఆనెలను బ్లేడుతో కోయరాదు. కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు పొడిగా తుడిచి, మడమలకు నూనె రాయవలెను; సందులలో మాత్రము రాయరాదు.

ముసలివారికి వంగి అరికాళ్లు చూచుకొనుట కష్టము. చూపు మందగించిన వారికి మరింత కష్టము. ప్రతిరాత్రి దీపము వెలుతురున ఆ పని మన పిల్లలు చేయవచ్చును. ఎఱ్ఱదనము, పొక్కు, తడి కనబడినచో మరునాడే వైద్యుని కడకు వెంట వెళ్లవలెను. తెలుగు తప్ప వేరుభాష రాని అవ్వను అక్కడ "ఎన్నాళ్లనుండి?" అని యడిగినప్పుడు, బదులు చెప్పవలసినవారు గూడ వారే.