ఉచిత పాఠశాలల చట్టమును నిలిపిన న్యాయవాది

శాసనసభ్యుని పని యేమి? చట్టములు చేయుట యని మన విద్యార్థులు వెంటనే చెప్పుదురు. ఆ యుత్తరము సరియైనదే కాని సంపూర్ణము కాదు. చేసిన మంచి చట్టమును జనులు వలదన్నప్పుడు దానిని నిలుపుటయు నతని పనియే. ఇది మొదటిదానికంటె కష్టము. ఈ సంగతి స్పష్టపడుటకై, అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్ర శాసనసభ్యుడై యుండిన థాడియస్ స్టీవెన్సు అను న్యాయవాది చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

స్టీవెన్సు 1792వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన వెర్మాంటు రాష్ట్రములోని డాన్‌విల్ గ్రామమున బీదకుటుంబములో జన్మించెను. పుట్టుకతోనే యతని పాదమొకటి వంకరగా నుండెను. తండ్రి కుటుంబమును విడిచిపోగా, తల్లి సారా నలుగురు కుమారులను కష్టించి పెంచెను. పిల్లల చదువు నిమిత్తమే యామె, ఉన్నత పాఠశాల గల పీచమ్ అను నూరికి కాపురము మార్చెను. 1814లో నతడు డార్ట్‌మత్ కళాశాలలో పట్టము పొంది, పెన్సిల్వేనియాలోని యార్కు పట్టణమున ఉపాధ్యాయుడుగా పనిచేయుచు తీరిక వేళలందు న్యాయశాస్త్రము చదివెను. వేరొక వృత్తి చేయుచు చదివినవారిని తమలో చేర్చుకొనరాదని అచ్చటి న్యాయవాదులు నిబంధన చేసిరి. అతడు పొరుగుననున్న మేరీలాండు రాష్ట్రమునకు పోయి, 1816లో పరీక్షలో నెగ్గి, తిరిగివచ్చి గెటిస్‌బర్గు పట్టణమున వృత్తి నారంభించెను.

కొలది కాలములోనే యతనికి పేరును ధనమును కలిగెను. అయితే 1821లో నతడు వాదించిన వ్యాజ్య మొకటి యిచ్చట చెప్పకుండరాదు. చారిటీ బట్లరు అను నల్లజాతి స్త్రీ తనకు స్వేచ్ఛ కలదని న్యాయస్థానము నాశ్రయింపగా, స్టీవెన్సు యజమాని పక్షమున వాదించి గెలిచెను. ఆమె దాస్యములోనే యుండిపోయెను. ఆ తరువాతి కాలములో నతడు దాస్యమునకు బద్ధశత్రువై, పారిపోయి వచ్చిన దాసుల పక్షమున ననేక పర్యాయములు వాదించెను.

1833లో నతడు పెన్సిల్వేనియా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యెను. అప్పటివరకు ఆ రాష్ట్రమున 1809 నాటి చట్టము నడచుచుండెను. దాని ప్రకారము బీదవాని బిడ్డకు ప్రభుత్వవ్యయముతో చదువు లభించును. కాని తాము నిరుపేదలమని తలిదండ్రులు ఒప్పుకొని, పేదల పట్టికలో పేరు వ్రాయించుకొనవలెను. మానము గల బీదవారనేకులు దీనికొల్లక బిడ్డలను ఇంటనే యుంచుకొనిరి. 1834లో చేయబడిన క్రొత్త చట్టము ఈ భేదమును తీసివేసి, పన్నుల ధనముతో అందరి బిడ్డలకును ఒకే పాఠశాల యుండునట్లు ఏర్పరచెను.

వెంటనే రాష్ట్రమంతట అలజడి పుట్టెను. చట్టమును వ్యతిరేకించినవారందరు మూర్ఖులని మనము తలంపరాదు. చేతిలో రొక్కము లేని రైతులు పన్నునకు వెరచిరి. జర్మను భాష మాటలాడు జనులును, కొన్ని మతసంఘములవారును తమ భాషలో, తమ మతబోధతో సొంత బడులు నడుపుకొనుచుండిరి. రెండు బడులకు ఖర్చు భరింపవలసివచ్చునని వారి భయము. బిడ్డలు లేనివారు పరుల బిడ్డల చదువునకు తామేల చెల్లింపవలెనని యడిగిరి. చట్టమును రద్దుచేయుడని వేలకొలది సంతకములతో అర్జీలు వచ్చెను. 1835లో ఎగువసభయగు సెనేటు రద్దునకు సమ్మతించెను.

ఏప్రిలు 11వ తేదీన స్టీవెన్సు హ్యారిస్‌బర్గులోని ప్రతినిధుల సభలో లేచి మాటలాడెను. అతని వాదము ముఖ్యముగా మూడంశములు కలది. మొదటిది: పాత పద్ధతికి మరలుట యనగా బీదబిడ్డల ముఖములపై బీదరికమను ముద్ర వేయుటయే. రెండవది: తాను నేరము చేయని వాడును చెరసాలలకు, న్యాయస్థానములకు పన్ను చెల్లించుచునే యున్నాడు గదా, నేరస్థుని శిక్షించుటకు సంతోషముతో నిచ్చువాడు, మనుష్యుడు నేరస్థుడు కాకుండ చేయు చదువునకు ఇయ్యననుట యెట్టి న్యాయము? మూడవది: ప్రజలే యేలుకొను రాజ్యమున ప్రజలకు విద్య లేనిచో ఆ రాజ్యము నిలువదు. ఈ మాటలు చెప్పినవాడు అవివాహితుడు, ఆస్తిపరుడు; పన్ను చెల్లించుటయే గాని ఫలము పొందుటకు సొంత బిడ్డలు లేనివాడు.

సభ రద్దును నిరాకరించెను, చట్టము నిలిచెను. మరియొక విశేషము గమనింపదగినది. ఈ చట్టమును గట్టిగా సమర్థించిన గవర్నరు జార్జి వోల్ఫు, స్టీవెన్సునకు ఎదురు పక్షమువాడు. అయినను ఈ విషయమున అతనితో నిలువుడని స్టీవెన్సు స్వపక్షము వారిని హెచ్చరించెను. ఆ సంవత్సరపు ఎన్నికలలో వోల్ఫు పదవి పోగొట్టుకొనెను; స్టీవెన్సు మరల ఎన్నికయ్యెను.

1837, 1838 సంవత్సరములలో రాష్ట్ర రాజ్యాంగమును సవరించుటకు జరిగిన సమావేశము, తెల్లవారికి మాత్రమే ఓటుహక్కు ఉండవలెనని నిర్ణయించెను. సభ్యుడైన స్టీవెన్సు ఆ రాజ్యాంగముపై సంతకము చేయలేదు. 1842లో నతడు లాంకస్టరు పట్టణమునకు చేరెను. 1849లో దేశపు కాంగ్రెసు సభ్యుడయ్యెను. దాస్యమును నిషేధించిన 13వ రాజ్యాంగ సవరణకును, చట్టము ముందర అందరికి సమరక్షణ నొసగిన 14వ సవరణకును అతడు కాంగ్రెసులో మిక్కిలి పాటుపడెను. 1868 ఆగస్టు 11వ తేదీన మరణించెను. ఇతర శ్మశానములు నల్లవారిని చేర్చుకొననందున, అట్టి భేదము లేని చిన్న శ్మశానమును తన సమాధికై ముందుగానే కోరుకొనెను. అనాథ బాలురకు ఆశ్రయము నేర్పరచి, జాతిభేదము లేక అందరికి ఒకే బల్లయొద్ద భోజనము పెట్టవలెనని మరణశాసనములో వ్రాసెను. అతని పేరిట సాంకేతిక కళాశాల యొకటి లాంకస్టరులో నేటికిని నడచుచున్నది.

ఈ పాఠము చదివిన విద్యార్థులు ఒక ప్రశ్నను తరగతిలో చర్చింపవలెనని మా కోరిక. ఎన్నుకొన్నవారు ఒకటి కోరగా, తన మనస్సాక్షి వేరొకటి చెప్పినప్పుడు ప్రతినిధి యేమి చేయవలెను? స్టీవెన్సు రహస్యముగా తప్పించుకొనలేదు. సభలో బహిరంగముగా కారణములు చెప్పి, పిమ్మట ఓటర్ల తీర్పునకు లోబడెను. మా యభిప్రాయమున అదియే సరియైన మార్గము. తలిదండ్రులును ఈ చర్చలో పాల్గొనిన మిగుల మేలు.